మా ఇంటికి వచ్చిన లెక్కల టీచరు

ఢిల్లీలో ఇంటింటికీ తిరిగి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాక పెళ్ళయి కాకినాడ నుంచి ఆర్.కె. పురం క్వార్టర్స్‌కు వచ్చిన కొత్తలో మొదలుపెట్టాను. మోకాళ్ళు ఇక మెట్లెక్కలేమని మొరాయించాక మానేశాను. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకమ్మాయి, ఎమ్మెస్సీ చేసి ఖాళీగా ఉంది, మా ఇంటికొచ్చింది. "ఆంటీ, నేనూ హోమ్ ట్యూషన్లు మొదలుపెడదామనుకుంటున్నా. కాస్త ఎలా చెయ్యాలో చెప్పండి" అంది. ఏ పుస్తకం మంచిదో, ఏ చాప్టరు ముందు చెప్పాలో, తల్లిదండ్రులతో మొదటి రోజే ఏం మాట్లాడుకోవాలో చెప్పి పంపాను. ఆ అమ్మాయి లిఫ్ట్ ఎక్కాక, అసలు విషయం ఒక్కటీ చెప్పలేదని తోచింది. అదిప్పుడు రాస్తున్నాను.

అసలు విషయం అసూయ. ఈ పనిలో అది రోజూ ఎదురవుతుంది. స్కూలు టీచరుకు ఇంత ఉండదు, ఎందుకంటే క్లాసు ఆవిడది. మనకు క్లాసు లేదు. ఇంకొకళ్ళ ఇంట్లో, ఇంకొకళ్ళ డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, వాళ్ళ కుక్కర్ కూతల మధ్య, వాళ్ళ బిడ్డకు ఓ గంటసేపు సొంతవాళ్ళం అవుతాం. గంట కాగానే చెప్పులు తొడుక్కుని బయటికొస్తాం. ఆ పిల్ల మనదా కాదా అన్న ప్రశ్న ఏ సిలబస్‌లోనూ ఉండదు. మొదట్లో నాకు ఇదంతా తెలియదు.

కొత్త బూట్లు

సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో మోహిత్ అనే ఆరో తరగతి పిల్లాడు నా తొలి విద్యార్థుల్లో ఒకడు. భిన్నాలు కూడమంటే పైవి పైవి, కిందవి కిందవి కలిపేసేవాడు. వాళ్ళమ్మ అదే గదిలో సోఫాలో కూర్చుని స్వెట్టర్ అల్లుతూ ఉండేది. నేను చెప్పేది విననట్టే ఉండేది కానీ, మోహిత్ నవ్వినప్పుడల్లా ఆవిడ చేతిలో సూదులు ఆగిపోవడం గమనించాను.

చలికాలం వచ్చేసరికి మోహిత్‌కు భిన్నాలు వచ్చాయి. దానితోపాటు నా మీద ఇష్టమూ వచ్చింది. ఒకరోజు నేను తలుపు దగ్గర ఉండగానే పరుగెత్తుకొచ్చి, అప్పుడే వాళ్ళ నాన్న మార్కెట్ నుంచి తెచ్చిన కొత్త బూట్లు తొడుక్కుని చూపించాడు. "మేడమ్, దేఖో! ఇంకా ఎవరికీ చూపించలేదు" అన్నాడు. వెనకనుంచి వాళ్ళమ్మ, "అచ్ఛా? నాకు కూడానా?" అంది. నవ్వుతూనే అంది.

వారం తిరక్కుండా ఫోన్ చేసి, "ఇప్పుడు బాగానే చేసుకుంటున్నాడు మేడమ్ జీ, ఇక నేనే చూసుకుంటాను" అని మాన్పించేసింది. నేను ఏం తప్పు చెప్పానా అని నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చెప్పిన లెక్కలన్నీ మనసులో మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. లెక్కల్లో తప్పు లేదు. ఆవిడకు ఏమైందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిసినప్పుడు నేను ఆవిడ స్థానంలో, నా సొంత ఇంట్లోనే ఉన్నాను. అక్కడికి వస్తాను.

కూడలిలో ఫోటో

మునిర్కాలో ఒకబ్బాయికి ఏడో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా చెప్పాను. మొదట్లో నిష్పత్తి అంటేనే కళ్ళు తేలేసేవాడు. తర్వాత ఒక పెద్ద కోచింగ్ సెంటర్‌లో చేరాడు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. కోచింగ్ వాళ్ళు వాడి ఫోటోను నిలువెత్తు హోర్డింగ్ మీద వేసి కూడలిలో పెట్టారు. నేను రోజూ ఎక్కే బస్సు దాని ముందు నుంచే పోయేది. సిగ్నల్ పడితే వాడూ నేనూ ఎదురెదురుగా ఉండేవాళ్ళం. పక్కసీటు ఆవిడతో, "వాడికి లెక్కలు నేనే చెప్పాను" అనాలని నోటిదాకా వచ్చేది. అనలేదు, ఎవరు నమ్ముతారు?

మరుసటేడు దాని మీద ఇంకో పిల్లాడి మొహం అంటించారు. ఆ రోజు నా ప్రాణం కుదుటపడింది.

కొత్తగా వస్తున్నవాళ్ళకు ఇదొకటి ముందే తెలిస్తే మంచిది. నిష్పత్తి నేర్పినవాళ్ళ ఫోటో ఎవరూ వెయ్యరు. పిల్లవాడికి కూడా నేర్చుకున్నట్టు గుర్తుండదు, తనకు పుట్టుకతోనే వచ్చనుకుంటాడు. మనం బాగా చెప్పామనడానికి అదే గుర్తు. ఇది తెలిశాక అసూయ పోతుందని మాత్రం అనుకోకండి. నాకు పోలేదు.

ఇంట్లో పిల్ల

ఇక మా అమ్మాయి స్నిగ్ధ సంగతి. తను పుట్టింది ఢిల్లీలోనే. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. అర్థమవుతుంది, నోట రాదు. వేసవి సెలవులకు కాకినాడ వెళ్తే మా అమ్మతో సైగలతో మాట్లాడేది. దానికి బాధపడ్డాను కానీ, ఇక్కడి తెలుగు ఇళ్ళన్నింట్లోనూ ఉన్న సంగతే కదా అని సరిపెట్టుకున్నాను. లెక్కల సంగతి మాత్రం సరిపెట్టుకోలేకపోయాను.

ఏడో తరగతిలో రుణ సంఖ్యలు వచ్చాయి. ఒక సాయంత్రం మంచం మీద పుస్తకం తెరిచి కూర్చోబెట్టాను.

"మైనస్ మూడులోంచి మైనస్ అయిదు తీసెయ్యాలి. ఎంత?"

"మైనస్ ఎయిట్."

"ఎలా వచ్చింది?"

"పతా నహీ" అంది, తెలియదని.

"పతా నహీ ఏంటే? నిన్ననే కదా చెప్పాను! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

స్నిగ్ధ పెన్సిల్ కింద పెట్టి నా వైపు చూసింది. "మమ్మీ, తుమ్ ఔర్ బచ్చోం పే భీ ఐసే హీ చిల్లాతీ హో?" అంది. వేరే పిల్లల మీద కూడా ఇలాగే అరుస్తావా, అని.

ఆ రోజు మధ్యాహ్నమే వసంత్ విహార్‌లో ఒకడు సరిగ్గా ఇదే తప్పు చేశాడు. వాడికోసం కాగితం మీద గీత గీసి, దాని మీద కప్పను గెంతించి, కప్ప ఎటు తిరిగిందో చూడు నాన్నా అంటూ వాడు నవ్వేదాకా చెప్పాను. అదే కప్పను ఇంటికి తీసుకురాలేకపోయాను. బయట నాకున్న ఓర్పు మా గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఆగిపోయేది.

అర్ధ సంవత్సర పరీక్షలో స్నిగ్ధకు లెక్కల్లో పాస్ మార్కులు కూడా రాలేదు. మా ఆయన ఆ కాగితం మీద సంతకం పెట్టారు. రాత్రి భోజనాల దగ్గర మెల్లిగా, "వసూ, ఇంకెవరి చేతైనా చెప్పించి చూద్దామా?" అన్నారు.

"ఇంకెవరి చేతైనా అంటే?"

"ఎవరో ఒక ట్యూషన్ టీచరు."

"మరి నేనేంటి?"

"నువ్వు వాళ్ళమ్మవి" అన్నారు.

ఆ మాటకు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆర్.కె. పురంలో సగం సెక్టార్లలో పిల్లలు నా దగ్గర పాసవుతున్నారు. వసుంధర మేడమ్ కూతురికి లెక్కలు చెప్పడానికి ఇంకో టీచరు వస్తే నన్ను ఇక ఎవరు పిలుస్తారు? అదే అన్నాను. స్నిగ్ధ కంచంలోంచి తలెత్తి, "ప్లీజ్ మమ్మీ" అంది. అంతే. ఒప్పుకున్నాను.

రజిత

మా ఆయన ఆఫీసులో ఒకరి ద్వారా రజిత దొరికింది. కరీంనగర్ వైపు అమ్మాయి. ఇంజనీరింగ్ చదివి, సివిల్స్‌కు తయారవుతూ జియా సరాయ్‌లో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేది. ఖర్చులకోసం పిల్లలకు చదువు చెప్పేది. మొదటి రోజు వచ్చినప్పుడు నేను టేబుల్ తుడిచి, కుర్చీ వేసి, కొత్త పెన్సిళ్ళు పెట్టాను. ఆ అమ్మాయి కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా వెళ్ళి స్నిగ్ధ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నీకు లెక్కలంటే భయమా, కోపమా?" అని అడిగింది.

స్నిగ్ధ ఆలోచించి, "గుస్సా" అంది.

"మంచిగైంది. భయమైతే మస్తు కష్టం. కోపం తోని పని చేయించుకోవచ్చు."

స్నిగ్ధ నవ్వింది. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేశాను. ఆ రోజు నుంచి ఆ గంటసేపు మా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగలేదు. పోపు కమురు ఇల్లంతా కమ్ముకుంటుంటే నేను తలుపు పక్కన నిలబడి వినేదాన్ని. ఒక టీచరు పాఠాన్ని ఇంకో టీచరు చాటుగా వినడం ఎలా ఉంటుందంటే, ప్రతి మాటా దొంగసొత్తులా దాచుకోవాలనిపిస్తుంది, ప్రతి తప్పుకూ పండగ చేసుకోవాలనిపిస్తుంది. రజిత తప్పులు చేసేది. స్టెప్పులు రాయించేది కాదు. "సమాన గుర్తు" అనకుండా "ఈక్వల్‌టు గాడు" అనేది. సగంలో లెక్క ఆపేసి ఎలుకలున్న తన గది కబుర్లు చెప్పేది. అదంతా నేను మనసులో ఎర్ర సిరాతో దిద్దుకుంటూ ఉండేదాన్ని.

అయినా మా పిల్లకు లెక్కలు రావడం మొదలైంది. నేను చెప్పి చెప్పి అలిసిపోయినవే వచ్చాయి.

అంతకంటే నన్ను ఎక్కువ మండించింది ఇంకొకటి. ఒకరోజు అన్నం తింటూ స్నిగ్ధ, "మమ్మీ, పప్పు మస్తుంది. ఇంకింత వెయ్యి" అంది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిల్ల తెలుగు మాట్లాడింది! పన్నెండేళ్ళు నేను బతిమాలినా, బెదిరించినా రాని తెలుగు. వచ్చింది కరీంనగర్ తెలుగు. రజిత మాటల్లో "సమజైందా", "పరేషాన్ కాకు", "జర ఆగు" లాంటివి ఉంటాయి. హిందీలో పెరిగిన పిల్లకు అవి సొంత మాటల్లా వినిపించాయి. మా గోదావరి జిల్లా తెలుగులో తనకు పట్టుకోవడానికి అలాంటి ఆసరా దొరకలేదు. కారణం నాకు చక్కగా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన మంట చల్లారుతుందా?

"మస్తుంది కాదే, బాగుంది అనాలి" అన్నాను.

"అక్క గట్లనే అంటది" అంది.

మా ఆయన నవ్వాపుకోలేక మంచినీళ్ళకోసం లేచి వెళ్ళిపోయారు. మోహిత్ వాళ్ళమ్మ చేతుల్లో సూదులు ఎందుకు ఆగేవో ఆ రోజు నాకు తెలిసింది.

నంబరు

మా ఇంటికి ఇంకో టీచరు వస్తున్న సంగతి ఎన్నాళ్ళు దాగుతుంది? పార్కులో బన్సల్ గారి భార్య నన్ను ఆపింది. ఆవిడ కవల కొడుకులిద్దరికీ నేనే లెక్కలు చెప్తున్నాను.

"మేడమ్ జీ, మీ పాపకు ఎవరో కొత్త టీచర్ వస్తోందట కదా! పాప మార్కులు బాగా పెరిగాయని మా వాళ్ళు చెప్పారు."

"అవునండీ, వస్తోంది" అన్నాను.

"ఆవిడ నంబర్ నాకూ కాస్త ఇస్తారా?"

ఆవిడ మొహంలో వెటకారమేమీ లేదు. మంచి దర్జీ నంబరు అడిగినట్టే అడిగింది. నేను ఫోన్ తీసి నంబరు చెప్పాను. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా మంచం మీద పడుకున్నాను. ఆ వారం కవలల ఇంటికి వెళ్ళిన ప్రతిరోజూ ఇదే ఆఖరి రోజేమో అనుకుంటూ చెప్పాను.

తర్వాత రజిత వచ్చినప్పుడు చెప్పులు విప్పుతూనే, "మేడమ్, బన్సల్ ఆంటీ ఫోన్ చేసింది. నా తోని కాదన్న" అంది.

"అదేంటమ్మా? వాళ్ళిల్లు ఈ పక్కనే. నీకూ వీలుగా ఉండేది కదా."

"వాళ్ళు మీ పిల్లలు కదా మేడమ్. నేనెట్ల తీసుకుంట?"

ఇంకెవరైనా అయితే అక్కడే కరిగిపోయేవారు. నాకు ఆ మంచితనం కూడా నచ్చలేదు. మా అమ్మాయిని తీసుకున్నది తనే, బన్సల్ పిల్లలను నాకు దయతలచి వదిలేసిందీ తనే అనిపించింది. "థాంక్సమ్మా" అని టీ ఇచ్చాను. ఆ టీలో పంచదార వెయ్యడం మర్చిపోయానని ఒక గుక్క తాగి చూసిన స్నిగ్ధ తర్వాత వచ్చి చెప్పింది. రజిత మాత్రం చుక్క మిగల్చకుండా తాగేసింది.

గరిటె పట్టుకుని వెళ్ళాను

ఎనిమిదో తరగతిలో సమీకరణాలు మొదలయ్యాయి. మూడు ఎక్స్ మైనస్ ఏడు ఈజీక్వల్‌టు పదకొండు. రజిత గొంతు వినిపించింది. "మైనస్ ఏడును అవతలికి తోల్తే ఏమైతది? ప్లస్ ఏడు అయితది. గుర్తు మారుతది. అంతే."

వృత్తిలో ప్రతివాళ్ళకూ ఒక పట్టింపు ఉంటుంది. నాది ఇదే. ఏ అంకె కూడా అవతలికి పోదు. రెండు పక్కలా ఏడు కలుపుతాం, అందుకని ఇటుపక్క మైనస్ ఏడు పోతుంది. ఈ "అవతలికి పంపడం" నేర్చుకున్న పిల్లలు పై తరగతుల్లో గుణకారాన్ని కూడా గుర్తు మార్చి పంపేస్తారు. వాళ్ళందరినీ బాగుచేసే పని చివరికి నాలాంటివాళ్ళ మీద పడుతుంది. నేను సాంబారు కలుపుతున్న గరిటెతోనే గదిలోకి వెళ్ళాను.

"అలా చెప్పకమ్మా. ఏడు ఎక్కడికీ పోదు. రెండువైపులా ఏడు కలపాలి. ఎందుకు కలుపుతున్నామో చెప్పాలి."

గరిటె నుంచి సాంబారు చుక్క నేల మీద పడింది. స్నిగ్ధ మొహం ఎర్రబడింది. "మమ్మీ, ప్లీజ్, జావో!" అంది.

రజిత లేచి నిలబడింది. "మీరు చెప్పేదే కరెక్ట్ మేడమ్. నాకు తెల్వక చెప్పలే. ముందుగాల ఒక లెక్క ఆఖరుదాక చేసి, ఆన్సర్ వచ్చిందని చూసుకోనియ్యండి. ఎందుకన్నది రేపు చెప్త."

"రేపటికి అదే అలవాటైపోతుంది."

"అయితదేమో మేడమ్. కానీ ఇయ్యాల పుస్తకం మూసేస్తే రేపు తెరవదు."

నేను వంటింట్లోకి వచ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచించి నా తీర్పు చెప్తున్నాను. లెక్క విషయంలో నాదే ఒప్పు. ఆ పిల్ల విషయంలో రజితదే ఒప్పు. మీకు కూడా ఇలాంటిది ఎదురైతే ఏది ముందు చూసుకోవాలో నేను చెప్పలేను, పిల్లను బట్టి ఉంటుంది. రజిత మర్నాడు నిజంగానే రెండువైపులా ఏడు కలిపించి, ఎందుకో చెప్పింది. నేను తలుపు పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. నాకంటే బాగా చెప్పిందని కూడా తెలుసు.

తలుపు దగ్గర స్నిగ్ధ

స్నిగ్ధ పదో తరగతికి వచ్చిన ఏడాది, ఒక ఆదివారం పొద్దున రజిత పాఠం రోజు కాకపోయినా మా ఇంటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో తను తీసుకున్న సబ్జెక్టు గణితమట. కిందటిసారి అందులోనే పోయిందట.

"నేను ఇంజనీరింగ్ దాన్ని మేడమ్. లెక్క కట్టమంటే ఎంత పెద్దదైనా కడ్త. ఎందుకో నిరూపించమంటే చెయ్యి ఆగిపోతది. మీరు ఎమ్మెస్సీ కదా. నాకు అన్నీ నిరూపణలే ఉండే ఆ రియల్ అనాలిసిస్ చెప్తరా?"

నాకు ముందుగా కలిగింది సంతోషం. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన సంతోషం. నీకు రానిది నాకు వచ్చు అన్నమాట! కానీ టేబుల్ ముందు కూర్చుని తను రాసిన మొదటి నిరూపణ చూశాక ఆ సంగతి మర్చిపోయాను. తప్పు ఎక్కడుందో కనిపించింది, ఆ తప్పు వెనక తను ఏమనుకుంటోందో కూడా కనిపించింది. మన పనిలో ఉన్న సుఖమంతా ఆ క్షణంలోనే ఉంది. అక్కడినుంచి నేను వసుంధర మేడమ్‌నైపోయాను. "తొందర లేదమ్మా. ఈ మాటకు అర్థమేమిటో ముందు నీ మాటల్లో చెప్పు" అన్నాను. తప్పు చెప్పింది. "మంచిది, ఇందులో సగం ఉంది. మిగతా సగం వెతుకుదాం" అన్నాను. కాసేపటికి తనే పట్టుకుంది. ఇద్దరం పకపకా నవ్వాం.

తలెత్తి చూస్తే తలుపు దగ్గర స్నిగ్ధ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

"అక్కకు గింత ప్రేమగా చెప్తున్నవ్" అంది. "నాకెప్పుడన్నా గిట్ల చెప్పినవా?"

గిర్రున తిరిగి వెళ్ళి తన గది తలుపు వేసేసుకుంది. రజిత పుస్తకాలు సర్దుకుని, "నేను మళ్ళ వస్త మేడమ్" అని వెళ్ళిపోయింది. నేను స్నిగ్ధ గది తలుపు తట్టాను. తియ్యలేదు. తలుపు ఇవతల నుంచే మాట్లాడాను.

"అక్క తప్పు చేస్తే నాకు భయం లేదే. ఇంకెవరి పిల్లలు తప్పు చేసినా భయం లేదు. నువ్వు చేస్తే భయం వేస్తుంది."

లోపలి నుంచి, "దేనికి భయం? నాకు మ్యాథ్స్ రాకుంటే నీకేమైతది?" అని వినిపించింది.

జవాబు చెప్పాలంటే చాలా ఉంది. నువ్వు వెనకబడిపోతావని భయం, అందరూ నా వైపు చూస్తారని భయం. ఈ రెండింట్లో ఏది పెద్దదో నాకే తెలియదు. "నాకేం కాదులే. తలుపు తియ్యి" అన్నాను. తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "సరే, ఇటు రా. నీకూ అలాగే చెప్తాను" అని త్రిభుజాల చాప్టరు తెరిచాను. మొదటి లెక్క చక్కగా సాగింది. రెండో లెక్కలో నా గొంతు లేచింది. నాకు తెలిసేలోపే లేచింది. స్నిగ్ధ నా మొహం చూసి నవ్వేసి, పుస్తకం మూసి, "ఛోడో మమ్మీ. నీతోని కాదు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ విషయం అక్కడితో తేలిపోయింది. రజిత ఆదివారాలు నా దగ్గరికి, మిగతా రోజులు స్నిగ్ధ దగ్గరికి రావడం సాగింది. ఆదివారాలు స్నిగ్ధ మూతి ముడుచుకునేది. మిగతా రోజులు నేను ముడుచుకునేదాన్ని.

ఫలితాలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు స్నిగ్ధ ఫోన్‌లో మార్కులు చూసుకుని ఒక్క కేక పెట్టింది. లెక్కల్లో తన క్లాసులో మంచి మార్కులు వచ్చినవాళ్ళలో తనూ ఉంది. నేను చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేలోపే బాల్కనీలోకి పరుగెత్తి రజితకు ఫోన్ చేసింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"మేడమ్‌కు చెప్పినవా?" అని రజిత గొంతు స్పీకర్‌లో వినిపించింది.

"మమ్మీ ఈడనే ఉంది. ఇంటున్నది" అంది స్నిగ్ధ.

నేను ఫోన్ తీసుకుని రజితకు మనస్ఫూర్తిగానే కృతజ్ఞత చెప్పాను. అదే సమయంలో ఆ ఫోన్ ముందుగా నాకెందుకు రాలేదన్న బాధ, ఎదురుగా ఉన్న మనిషికి ఎవరైనా ఫోన్ చేస్తారా అన్న ఇంగితం లేకుండా, నన్ను వదల్లేదు.

రజిత ఆ ఏడాది మెయిన్స్ దాటింది, ఇంటర్వ్యూలో ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్ళ రాష్ట్ర సర్వీసులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు వచ్చినప్పుడు స్నిగ్ధ తన భుజం మీద వాలి ఏడ్చింది. నేను కాస్త దూరంగా నిలబడి, ప్రయాణంలో తినమని పులిహోర డబ్బా అందించాను. రజిత వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టి, "అనాలిసిస్‌లో మంచిగ వచ్చినయ్ మేడమ్, మీవల్లనే" అంది. తన మార్కుల విషయం బయట ఎక్కడా చెప్పుకోలేను కానీ, నా ఉద్యోగంలో నాకు దొరికిన పెద్ద మెప్పు అదే.

పదకొండో తరగతి

స్నిగ్ధ కామర్స్‌తోపాటు లెక్కలు తీసుకుంది. రజిత లేదు. పదకొండో తరగతి లెక్కలంటే మాటలు కావు. ఇప్పుడు నా వంతు వచ్చిందనుకున్నాను. సాయంత్రం ట్యూషన్ ఒకటి తగ్గించుకున్నాను కూడా. ఏ రోజైనా పుస్తకం పట్టుకుని వస్తుందని హాల్లో కూర్చునేదాన్ని. తను గది తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కతే చేసుకునేది. లోపల నవ్వులు లేవు, మాటలు లేవు, కాగితం మీద పెన్ను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అసూయపడడానికి ఎవరూ లేకపోతే ఏం చెయ్యాలో తెలియక, ఆ పుస్తకం మీదే అసూయపడ్డాను.

ఓ సాయంత్రం తలుపు తీసుకుని బయటికొచ్చింది. త్రికోణమితి. సమీకరణం రెండు పక్కలూ సమానమని నిరూపించాలి. నేను కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపాను. కాగితం ఇవ్వలేదు.

"నువ్వు చెప్పకు. నేను చేస్త. నువ్వు ఉత్తగ కూర్చో" అంది.

కూర్చున్నాను. టేబుల్ మీద కాగితం పెట్టి, పైకి చెప్పుకుంటూ రాయడం మొదలుపెట్టింది. మూడో లైన్లో కొసైన్ సూత్రం విడదీసేటప్పుడు మైనస్ రావాల్సినచోట ప్లస్ పెట్టింది. నా కుడిచెయ్యి దానంతటదే లేవబోయింది. ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. తను నాలుగో లైను రాసింది, అయిదో లైను రాసింది, ఆరో లైను దగ్గర రెండు పక్కలూ కలవలేదు. పెన్ను చివర కొరుకుతూ కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. నేను లేవలేదు.

"అరే!" అంది ఉన్నట్టుండి. మూడో లైనుకు వెళ్ళి ప్లస్‌ను మైనస్ చేసింది. గబగబా కిందికి దిద్దుకుంటూ వచ్చింది. రెండు పక్కలూ కలిసిపోయాయి.

"చూసినవా మమ్మీ? ఎక్కడ తప్పు పోయిందో నేనే పట్టుకున్న!"

"చూశాను" అన్నాను.

కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి పొయ్యి తుడుచుకున్నాను. ఆ తప్పు మూడో లైన్లో పడినప్పుడే చూశానని తనకు ఇప్పటికీ చెప్పలేదు.